మూర్తిగారి చేతి బోణీ

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో నరసింహమూర్తి గారి చెయ్యంటే అందరికీ శకునం. పొద్దున్నే ఆయన చేత్తో బోణీ అయితే ఆ రోజు సరుకు మిగలదని గట్టి నమ్మకం. టీ కొట్టువాడు మొదటి గ్లాసు ఆయనకే పోసేవాడు. అరటిపళ్ళ బండివాడు ఆయన స్కూటరు కనబడేదాకా ఇంకొకరికి పండు తుంచి ఇచ్చేవాడు కాదు. ఆకుకూరల వీరదుర్గ అయితే ఏకంగా ఆయన షాపు ముందే గంప దించుకుని కూర్చునేది. "మీరొక్క కట్ట పుచ్చుకోండి బాబుగారూ, తరవాత నా తంటాలేవో నేను పడతాను" అనేది. కొత్త షాపు ఎవరు తెరిచినా, ముహూర్తం పెట్టించుకున్నాక నేరుగా వచ్చేది మూర్తిగారింటికే. ఆయన కాదనే మనిషి కాదు. ఒళ్ళు కాలిపోతున్నా మెడకి తువ్వాలు చుట్టుకుని వెళ్ళి, మొదటి వస్తువు కొని, "బాగా జరుగుతుందండీ" అని చెప్పి వచ్చేవారు.

ఈ చేతి మహిమ ఏపాటిదో ఆయన భార్య ఇందుమతికి ఒక్కదానికే తెలుసు. మహిమా లేదు, మట్టీ లేదు. వీరదుర్గ దగ్గర తోటకూర కొన్న రోజున తన షాపుకొచ్చిన ప్రతి మనిషితోనూ "ఆ మూల తోటకూర లేతగా ఉందండీ, మా ఇంట్లో ఇవాళ అదే" అనేవారు. ఎవరికి బోణీ చేశారో వాళ్ళను సాయంత్రందాకా మనసులో పెట్టుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పి బేరాలు తోలేవారు. "ఇదేం పనండీ, మీ ఉల్లిపాయల సంగతి చూసుకోక?" అని ఇందుమతి వేళాకోళం ఆడితే, "పోనిద్దూ ఇందూ, ఓ మాట చెబితే నా సొమ్మేం పోయింది?" అని నవ్వేవారు. ఆ నవ్వు చూడడానికే ఆవిడ అడిగిందే మళ్ళీ అడిగేది.

వాళ్ళకి పిల్లల్లేరు. ఇందుమతి తల్లి పోయినప్పుడు తమ్ముడు శ్రీహరి చేతికందివచ్చినవాడు కూడా కాదు. మూర్తిగారే "మనింటికి తెచ్చేసుకుందాం" అన్నారు. తెచ్చుకున్నారు, చదివించారు, గుండుగొలనులో సంబంధం చూసి పెళ్ళి చేశారు. వాడికి బావగారంటే భయమూ ప్రేమా రెండూ ఉన్నాయి. అక్క అంటే ప్రేమ ఒక్కటే. అందుకే ఏం కావాలన్నా అక్కనే అడిగేవాడు.

ఇలా సాగిపోతున్న సంసారంలో, వానలు బాగా పడుతున్న రోజుల్లో, షాపులో పేర్చిన బస్తాల్లోంచి ఒకటి జారింది. మూర్తిగారు దాని కిందే కూర్చుని ఉల్లిపాయల తడి చూస్తున్నారు. బస్తా భుజమ్మీద పడింది, ఆ తోపుకి తల వెళ్ళి కాటా ఇనప చట్రానికి కొట్టుకుంది. కాసేపు కళ్ళు తెరవలేదు. ముఠా కూలీలు మొహాన నీళ్ళు కొట్టారు, సోడా తాగించారు. ఆయన లేచి కూర్చుని "కర్నూలు లారీ వచ్చిందా?" అన్నారు. వచ్చిందండీ అన్నారు వాళ్ళు. "కర్నూలు లారీ వచ్చిందా?" అన్నారు మళ్ళీ. మళ్ళీ చెప్పారు. ఆయన మళ్ళీ అదే అడిగారు. పక్క షాపు సత్తిరాజు "లారీ మీద అంత బెంగేంటండీ మూర్తిగారూ!" అన్నాడు, అందరూ నవ్వారు.

రక్తం చుక్క రాలేదు. బొప్పి కూడా చిన్నదే. ఇంకేం, పెద్ద గండం తప్పింది, దిష్టంతా పోయిందన్నారు. తలకి దెబ్బ తగిలిన మనిషి అడిగిందే అడుగుతున్నాడంటే అంతకంటే పెద్ద హెచ్చరిక ఏం కావాలండీ? కానీ మనవాళ్ళకి కంటికి నెత్తురు కనబడితేనే అది దెబ్బ. కనబడకపోతే సోడాతో సరి.

సాయంత్రం ఇంటికొచ్చి రెండుసార్లు వాంతి చేసుకున్నారు. ట్యూబులైటు వేస్తే "ఆర్పెయ్, ఆర్పెయ్" అని చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఇందుమతి వెంటనే సత్తిరాజు ఇంటికి పరిగెత్తింది. పొద్దున నవ్వినవాడే మారుమాట్లాడకుండా కారు తీసి ఏలూరు తీసుకెళ్ళాడు.

అక్కడి ఆసుపత్రిలో మెదడు డాక్టరు పేరు లహరి. చిన్న వయసు, మాట మెత్తన. ముందు తలకి స్కానింగు తీయించింది. తరవాత ఆయన ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతున్నట్టే పరీక్ష మొదలుపెట్టింది. "మీకు ఐదు మాటలు చెప్తానండీ, గుర్తు పెట్టుకోండి. కిటికీ, అరటి, గంట, ఏనుగు, తువ్వాలు. మళ్ళీ అడుగుతాను." ఆయన తలూపారు. డిసెంబరు నుంచి నెలలు వెనక్కి చెప్పమంది. డిసెంబరు, నవంబరు, అక్టోబరు అని ఆగిపోయారు. వేలంపాటలో నలుగురు ఒకేసారి అరిచినా ఎవరెంతన్నారో తడుముకోకుండా చెప్పే మనిషి, అక్టోబరు దగ్గర నిలబడిపోయారు. పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోమంటే పక్కకి తూలారు. పెన్ను అటూ ఇటూ తిప్పి చూడమంటే కడుపులో తిప్పుతోందన్నారు. చివర్న ఆ ఐదు మాటలూ అడిగింది. "అరటి... తువ్వాలు..." అని ఆయన భార్య వంక చూశారు.

ఇందుమతికి ఐదూ గుర్తున్నాయి. నోటి చివరిదాకా వచ్చాయి. అందించొద్దని డాక్టరు సైగ చేసింది.

స్కానింగు బాగానే ఉందని చెప్పగానే సత్తిరాజు "అమ్మయ్య! ఏమీ లేదన్నమాట" అన్నాడు. లహరి వెంటనే అడ్డుకుంది. "అలా అనుకోకండి. నెత్తురు కారితే స్కానింగులో తెలుస్తుంది. మెదడు అదిరితే తెలియదు. ఈయనకి అదిరింది." తరవాత ఇందుమతి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "ఒకటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి అమ్మా. ఆ తరవాత ఇంట్లోనే కాస్త కాస్త నడిపించండి, చిన్న చిన్న పనులు చెయ్యనివ్వండి. తలనొప్పి పెరిగితే ఆ పని మానిపించి మళ్ళీ తగ్గించండి. ఎండ, జనం, గోల ఇప్పుడప్పుడే వద్దు. బండి నడపడం అసలొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన మళ్ళీ పడకూడదు. ఇదివరకు గుండెకి స్టెంటు వేశారన్నారు కదా, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారు. అవి ఆపడానికి వీల్లేదు. ఇంకో దెబ్బ తగిలిందంటే మాత్రం లోపల నెత్తురు ఆగదు."

"ఎన్నాళ్ళండీ డాక్టరు గారూ?"

"నేను మళ్ళీ చూసి సరే అనేదాకా. కళ్ళు తిరగడం తగ్గాలి. ముందు తొందరపడకండి."

ఇందుమతి ఆ మాటలు కొంగున కట్టుకుంది. మర్నాటి నుంచి ఇంటి గేటు దగ్గర ఆవిడే కాపలా. మార్కెట్టు ఊరుకుంటుందా? పలకరించే వంకతో ఒకరి తరవాత ఒకరు రావడం మొదలుపెట్టారు. "లోపలికి రానక్కర్లేదమ్మా, ఓ రూపాయి ఆయన చేత్తో తాకించి ఇస్తే చాలు" అన్నాడు అరటిపళ్ళవాడు. "ఆయన చేతులు పడుకున్నాయి, వెళ్ళిరా నాయనా" అని పంపేసింది. కొత్తగా టిఫిను సెంటరు పెట్టుకుంటున్న దంపతులు పళ్ళూ తాంబూలం పట్టుకొస్తే, తాంబూలం పుచ్చుకుని ఆయన్ని మాత్రం పంపనంది. సత్తిరాజు ఎగతాళి చేశాడు. "ఏంటమ్మా, మా మూర్తిగారిని గర్భగుళ్ళో పెట్టి తలుపులేసేశావు?" "మీకు దర్శనాలు మళ్ళీ నెల అన్నయ్యగారూ" అంది ఆవిడ. వీరదుర్గ ఒక్కత్తే ఏమీ అడగలేదు. రోజూ ఓ తోటకూర కట్ట గేటు మీద పెట్టి వెళ్ళిపోయేది.

రోజులు గడిచేకొద్దీ ఆయన తేరుకున్నారు. ముందు వసారాలో నాలుగడుగులు, తరవాత పెరట్లో పూలు కోయడం, ఆ తరవాత పేపర్లో పెద్దక్షరాలు. డాక్టరమ్మ ఆట ఇందుమతికి పట్టుబడింది. కాఫీకి ముందు ఐదు మాటలు చెప్పి, కాఫీ అయ్యాక అడిగేది. చిల్లుగరిటె, కొల్లేరు, చెప్పులు, మావిడికాయ, గడియారం. మొదట్లో రెండే వచ్చేవి. ఒకరోజు గడియారం ఒక్కటి వదిలేసి నాలుగూ గబగబా చెప్పేశారు. ఇందుమతి ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది, వెంటనే వెళ్ళి పరమాన్నం వండింది. కళ్ళు తిరగడం మాత్రం ఇంకా పోలేదు. వంగి లేస్తే గోడ పట్టుకునేవారు. "ఇంకొన్నాళ్ళు" అనుకునేది ఆవిడ. ఆ ఇంకొన్నాళ్ళు గేటు వేసి ఉంచితే చాలు, ఆయన ఆయనగా దక్కుతారు. ఆవిడకి కావలసింది అదొక్కటే.

అప్పుడొచ్చాడు శ్రీహరి.

వాడు అంతకుముందు కోళ్ళఫారం పెట్టి మూసేశాడు, సెల్‌ఫోన్ల షాపు పెట్టి మూసేశాడు. రెండుసార్లూ ముహూర్తం దగ్గరపడిందని బావగారిని పిలవకుండానే తెరిచేశాడు. అందుకే కలిసిరాలేదని వాడి మనసులో పాతుకుపోయింది. ఇప్పుడు గుండుగొలనులో హైవే పక్కన చేపల చెరువుల మందులూ మేతా అమ్మే షాపు. కొల్లేరు చుట్టూ ఎటు చూసినా చెరువులే కాబట్టి మంచి వ్యాపారమే. గది తీసుకున్నాడు, సరుకు దించాడు.

"అక్కా, బావగారు కుర్చీలోంచి లేవక్కర్లేదు. కార్లో తీసుకెళ్ళి కార్లోనే దింపేస్తాను."

"వద్దురా. డాక్టరుగారు ఇంకోసారి చూడాలన్నారు. అయ్యాక పెట్టుకోకూడదూ?"

"ఈ ముహూర్తం దాటితే మూఢం వచ్చేస్తుందక్కా. మూఢంలో తెరవమంటావా?"

ఇందుమతి తల అడ్డంగానే ఊపింది. శ్రీహరి తల దించుకున్నాడు. "ఊరందరికీ పనికొచ్చిన చెయ్యి నాకు అక్కర్లేదా అక్కా? నేను మీవాణ్ణి కానా?" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ పోయిన రోజున గుమ్మంలో నిలబడి చూసిన చూపే అది.

ఊరందరినీ గేటు బయటి నుంచే పంపేసిన మనిషి అక్కడ కరిగిపోయింది. లోపలికెళ్ళి ఫోను తీసి డాక్టరు నంబరు చూసింది. చేస్తే ఆవిడ వద్దంటుంది. వద్దంటే ఆ మాట తమ్ముడికి తనే చెప్పాలి. ఫోను బల్ల మీద పెట్టేసింది. మంచం మీద మూర్తిగారు అంతా వింటూనే ఉన్నారు. "వెళ్దామా ఇందూ? నువ్వెలా అంటే అలాగే" అన్నారు. గేటు తాళం ఆవిడ చేతిలోనే ఉంది, ఆయన అడుగుతున్నారు కూడా. "వెళ్ళొచ్చేద్దాం లెండి, ఎంతసేపు!" అంది ఇందుమతి.

గుండుగొలనులో బ్యాండు మేళం వాయించొద్దని ముందే చెప్పింది. వాయించలేదు. నీడన కుర్చీ వేయించింది. పక్కనే నిలబడింది. పూజ అయింది. గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. మూర్తిగారు కుర్చీలోంచే చెయ్యి చాచి మేత బస్తా ఒకటి కొన్నారు, "బాగా జరుగుతుందిరా శ్రీహరీ" అన్నారు. శ్రీహరి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. అయిపోయింది. ఇందుమతి గుండెల మీంచి బరువు దిగింది. ప్రసాదం పొట్లం తెచ్చుకుందామని లోపలికెళ్ళింది. ఎంతో దూరం కాదు, ఆ గదిలోకే.

ఈలోగా పక్కన టీ బండి పెట్టుకున్న ముసలావిడ వచ్చింది. "బాబూ, మీ చెయ్యి మంచిదంట కదా. నా బండి దగ్గరా ఓ టీ తాగండి బాబూ" అంది. పుట్టి బుద్ధెరిగి ఎవరికీ కాదనని మనిషి ఆయన. "దానికేం భాగ్యమమ్మా" అని లేచారు. మెట్టు దిగుతూ తల వంచారు. కళ్ళు తిరిగాయి, కాలు గుమ్మడికాయ ముక్క మీద పడింది. తల వెనక భాగం మెట్టు అంచుకి తగిలిన చప్పుడు ఇందుమతికి లోపలికి వినబడింది.

ఆవిడ వచ్చేసరికి ఆయన లేచి కూర్చుని నవ్వుతున్నారు. "ఏం లేదు, ఏం లేదు" అంటున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళూ ఏం లేదన్నారు. ఎవరో సోడా తెస్తామన్నారు. "సోడా వద్దు, ఏమీ వద్దు, కారు తియ్యరా!" అని ఇందుమతి కేక పెట్టింది. హైవే మీద కొంతదూరం పోయేసరికి ఆయన మాట ముద్దగా వచ్చింది. ఏలూరు చేరేలోగా కుడిచెయ్యి, ఆ బోణీ చెయ్యి, ఆవిడ ఒళ్ళో బరువుగా వాలిపోయింది. పిలిస్తే పలకలేదు.

లహరి ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండును. తల తెరిచి గడ్డకట్టిన నెత్తురు తీశారు. ప్రాణం దక్కింది. ఆసుపత్రి మంచం మీద ఆయన కళ్ళు తెరిచి "ఇందూ" అన్నప్పుడు ఇక అన్నీ వచ్చేస్తాయనుకుంది. చెయ్యి నెమ్మదిగా వచ్చింది, మాట వచ్చింది, నడక వచ్చింది. కొత్తగా జరిగిందేదీ మాత్రం మనసులో నిలబడలేదు. లహరి ఐదు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే "ఏ మాటలండీ?" అన్నారు. మాటలు చెప్పిన సంగతే ఆయనకి తెలియదు.

"ఆ రోజు నేను పంపకుండా ఉంటే?" అని ఇందుమతి ఒకసారి అడిగేసింది. లహరి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "స్నానాలగదిలో పడినా ఇంతే అయ్యేదమ్మా" అంది. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. అయినా డాక్టరు ఆ మాత్రం అన్నందుకు ఇందుమతి ఆవిడకి దణ్ణం పెట్టింది.

ఉల్లిపాయల షాపు సత్తిరాజు చూసుకుంటున్నాడు. గుండుగొలను షాపు గురించి మాత్రం చెప్పుకోవాలి. అది బ్రహ్మాండంగా నడుస్తోంది. రొయ్యల రైతులు, చేపల రైతులు వరస కట్టి వస్తున్నారు. "చూశారా, మూర్తిగారి చెయ్యి! ఎంత జరిగినా బోణీ మాత్రం తప్పలేదు" అని మార్కెట్లో చెప్పుకున్నారు. ఈ లోకం నోరు మండా! ఆ మాట చెవిన పడిన రోజు ఇందుమతి అన్నం ముందు నుంచి లేచిపోయింది. శ్రీహరి నెలనెలా వచ్చి వాళ్ళని ఏలూరు తీసుకెళ్తాడు. దారిలో తన షాపు వచ్చినప్పుడు కారు ఆపడు, అటు చూడడు. అక్కకేసి చూసి కూడా చాలా కాలమైంది. ఆవిడ వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. వాడు అడిగాడు, వాడి అవసరం. పంపనని చెప్పవలసిందాన్ని నేను కదా అనుకుంటుంది.

వీరదుర్గ ఇప్పటికీ పొద్దున్నే గేటు ముందు గంప దించుతుంది. మూర్తిగారు ఓ కట్ట కొని "బాగా జరుగుతుందమ్మా" అంటారు. ఆవిడ గంప సర్దుకునేలోపే మరిచిపోయి, "బోణీ అయిందా దుర్గా?" అని మళ్ళీ చెయ్యి చాస్తారు. "లేదు బాబుగారూ, మీదే బోణీ" అని ఇంకో కట్ట ఇస్తుంది. తరవాత ఇందుమతి ఆ రెండో కట్ట డబ్బులు ఇవ్వబోతే, వీరదుర్గ పుచ్చుకోదు. మధ్యాహ్నానికి ఆవిడ గంపలో సగం కూర అలాగే ఉంటోందని సత్తిరాజు చెప్పాడు. ఆ మూల తోటకూర లేతగా ఉందని వచ్చేపోయేవాళ్ళకి చెప్పే మనిషి షాపులో లేడు మరి.

ఆ తరవాత మూర్తిగారు లోపలికొచ్చి కాఫీ తాగుతారు. గ్లాసు కింద పెట్టి, రోజూ అదే గుర్తు తెచ్చుకుంటారు. మొదటి దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న రోజుల దగ్గరే ఆయన కాలం ఆగిపోయింది. శ్రీహరి వచ్చి అడిగిన సంగతి గుర్తుంది, తాము వెళ్ళిన సంగతి లేదు.

"ఇందూ, శ్రీహరి షాపు ముహూర్తం దగ్గర పడినట్టుందే. వెళ్దామా?"

మొదట్లో ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయేది. తెరవడం అయిపోయిందండీ అని ఒకసారి చెప్పి చూసింది. నా చెయ్యి లేకుండానే తెరిచాడా అని చిన్నపిల్లాడిలా బాధపడ్డారు. ఇప్పుడు పారిపోవడం మానేసింది. ఎదురుగా కూర్చుంటుంది. ఆ రోజు చెప్పవలసిన మాట, ఆ రోజు రాని గొంతుతో, రోజూ చెబుతుంది.

"వద్దండీ. మీరు వెళ్ళొద్దు."

"వాడేమనుకుంటాడో?"

"ఏమైనా అనుకోనీండి. వాడికి నేను చెప్తాను."

ఆయన కాస్త ఆలోచిస్తారు. తరవాత పాత మూర్తిగారిలాగే, అచ్చం అలాగే నవ్వుతారు.

"దానికేముందే, నువ్వొద్దంటే నేనెందుకు వెళ్తాను?"